రోగం సరిహద్దు దాటితే చట్టం ఉంది, రోగి దాటితే లేదు

ఒడిశాలోని పర్లాకిమిడి బజారులో నిలబడి చూస్తే రాష్ట్రం ఎక్కడ మారుతుందో చెప్పడం కష్టం. దుకాణం బోర్డు ఒడియాలో ఉంటుంది, బేరం తెలుగులో సాగుతుంది. ఆంధ్రలోని పాతపట్నం వెళ్లాలంటే ఆటోలో కొద్ది నిమిషాల దారి. పెళ్లి సంబంధాలు అటూ ఇటూ కలుస్తాయి. కూరగాయలూ కూలీలూ రోజూ గీత దాటుతూనే ఉంటారు. ఆస్పత్రి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ గీత ఒక్కసారిగా కనిపిస్తుంది.

ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. కాశీనగర్ వైపు ఒక పల్లెలో అరవై దాటిన కూలీ ఒకాయన చింతచెట్టు మీంచి జారిపడ్డాడు, తుంటి ఎముక విరిగింది. పర్లాకిమిడిలోని గజపతి జిల్లా ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసి, కట్టు కట్టి, రిఫరల్ చీటీ రాసిచ్చారు. చీటీలో పేరు బరంపురం మెడికల్ కాలేజీది. ఒడిశా ప్రభుత్వ ఆస్పత్రుల వరసలో పైమెట్టు అదే కాబట్టి డాక్టరు రాసిందాంట్లో తప్పేమీ లేదు. కానీ కుటుంబానికి దగ్గర శ్రీకాకుళం, బరంపురం దాదాపు రెట్టింపు దూరం. కూతురి అత్తగారిల్లు శ్రీకాకుళంలోనే ఉంది, అక్కడ డాక్టరు చెప్పే మాట అర్థమవుతుంది, అన్నం తెచ్చిపెట్టే మనిషి దొరుకుతుంది. అందుకే బండి కట్టించుకుని శ్రీకాకుళం వెళ్లారు. కౌంటరు దగ్గర అడిగిన మొదటి ప్రశ్న: "ఆధార్‌లో అడ్రస్ ఎక్కడిదమ్మా?" రెండోది: "ఆరోగ్య కార్డు ఏదీ?" ఈ రెండు ప్రశ్నలకూ వచ్చే జవాబును బట్టే ఆ ఇంటికి అప్పు పడుతుందా లేదా అన్నది తేలుతుంది.

ఒడిశాలో గుణుపురం, రాయగడ, జయపురం, మల్కన్‌గిరి తెలుగువాళ్లు విశాఖలోని ప్రభుత్వ పెద్దాస్పత్రి కేజీహెచ్ వైపు చూడటం, మహారాష్ట్రలో సిరొంచ వాళ్లు ప్రాణహిత దాటి తెలంగాణకు, కిన్వట్ వాళ్లు ఆదిలాబాద్‌కు రావడం, అన్నీ ఇదే కథ. వీళ్లెవరూ దేశం దాటడం లేదు. మరి దేశమంతటికీ కలిపి ఒక ఆరోగ్య చట్టం ఉందా? ఉంటే అది ఈ మనిషికి ఏం చెబుతుంది? ఒకే ఒక్క జాతీయ ఆరోగ్య చట్టం అంటూ ఏదీ లేదు. ఎందుకు లేదన్నది తెలియాలంటే రాజ్యాంగం ఏడో షెడ్యూలు తెరవాలి.

జాబితాల్లో ఆరోగ్యం ఎక్కడుంది

ఏడో షెడ్యూలులో మూడు జాబితాలు ఉంటాయి: కేంద్రానివి, రాష్ట్రాలవి, ఇద్దరివీ అయిన ఉమ్మడివి. రాష్ట్ర జాబితాలో ఆరో అంశం ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆస్పత్రులు, డిస్పెన్సరీలు. అంటే ఆస్పత్రి ఎక్కడ కట్టాలి, ఎవరిని చేర్చుకోవాలి, ఎంత వసూలు చేయాలి అన్న అసలు విషయమంతా రాష్ట్రానిదే. ఇది 1950లో కొత్తగా పెట్టిన ఏర్పాటు కాదు. 1919 సంస్కరణల్లోనే ప్రజారోగ్యాన్ని రాష్ట్రాల మంత్రుల చేతికి ఇచ్చారు. 1935 భారత ప్రభుత్వ చట్టం దాన్ని ప్రొవిన్సుల జాబితాలో రాసింది. రాజ్యాంగం దాదాపు ఆ మాటలనే కొనసాగించింది.

ఉమ్మడి జాబితాలో 29వ అంశం మరోటి ఉంది. మనుషులకు, పశువులకు, మొక్కలకు సోకే అంటురోగాలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పాకకుండా నివారించడం. దీని మీద పార్లమెంటు చట్టం చేయవచ్చు. అంతర్రాష్ట్ర వలస, క్వారంటైన్ అయితే ఏకంగా కేంద్ర జాబితాలోనే, 81వ అంశంగా ఉన్నాయి. ఈ అంశాలన్నీ పక్కపక్కన పెట్టి చదివితే సరిహద్దు జిల్లావాడికి గుండె చివుక్కుమంటుంది. కలరా పర్లాకిమిడి నుంచి పాతపట్నం వెళితే పార్లమెంటుకు అధికారం ఉంది. కలరా వచ్చిన మనిషి పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఆస్పత్రికి వెళితే అతని వైద్యం గురించి నేరుగా చెప్పే అంశం ఏ జాబితాలోనూ లేదు. పైగా రోగాల విషయంలో అంతర్రాష్ట్రం అన్న మాట వచ్చింది ఆపడం కోసమే.

ఆదేశిక సూత్రాల్లో 47వ అధికరణం పోషణ స్థాయిని, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక కర్తవ్యాల్లో ఒకటి అంటుంది. గొప్ప మాటే. కానీ ఆదేశిక సూత్రాన్ని పట్టుకుని కోర్టులో దావా గెలవలేం, పైగా ఆ కర్తవ్యం ఏ రాష్ట్రం వాళ్ల పట్ల ఏ రాష్ట్రానికి ఉందో ఆ అధికరణం చెప్పదు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ ప్రాంతం విషయంలో అది మరీ బాధ కలిగిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రొవిన్సు అయింది. అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం ప్రాంతం, కోరాపుట్ అటు వెళ్లాయి. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలి పట్టణం ఒరిస్సాలో పడింది, మిగిలిన భాగం మద్రాసులోనే ఉండిపోయింది. సరిగ్గా మూడేళ్ల తర్వాత, 1939లో, మద్రాసు ప్రభుత్వం ప్రజారోగ్య చట్టం తెచ్చింది. నీటి సరఫరా నుంచి అంటురోగాల సమాచారం దాకా స్థానిక సంస్థలు ఏం చేయాలో ఒకేచోట చెప్పిన చట్టం దేశంలో అదే మొదటిది. ఆంధ్ర ప్రాంతంలో అది రాష్ట్రం విడిపోయాక కూడా పేరు మార్చుకుని కొనసాగింది, తమిళనాడులో ఇప్పటికీ ప్రజారోగ్య వ్యవస్థకు వెన్నెముక అదే. పాతపట్నానికి ఆ చట్టం అందింది, పర్లాకిమిడికి అందలేదు. ఒకే జమీందారీ కింద, ఒకే ఏటి నీళ్లు తాగిన రెండు ఊళ్లు అవి.

పక్క ద్వారాల నుంచి వచ్చిన జాతీయ చట్టాలు

ప్రధాన ద్వారం మూసి ఉంది కాబట్టి పార్లమెంటు ఆరోగ్యం విషయంలో ఎప్పుడూ పక్క ద్వారాల నుంచే లోపలికి వచ్చింది. మందులు, విషపదార్థాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, అందుకే 1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం దేశమంతటా ఒకటే. వైద్యవృత్తి ఉమ్మడి జాబితాలో ఉంది, అందుకే 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం వచ్చింది. జనన మరణాల నమోదూ అక్కడే ఉంది, అందుకే శ్రీకాకుళంలో పుట్టిన పర్లాకిమిడి బిడ్డకు ఆంధ్రలో ఇచ్చిన జనన ధ్రువపత్రం ఒడిశా బడిలో చెల్లుతుంది. 253వ అధికరణం ప్రకారం అంతర్జాతీయ ఒప్పందాల అమలుకు పార్లమెంటు ఏ అంశం మీదైనా చట్టం చేయవచ్చు. వికలాంగుల హక్కుల ఒడంబడిక అమలు కోసం చేస్తున్నామని పీఠికలోనే చెప్పుకున్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అలాంటిది.

చెట్టు మీంచి పడిన మన కూలీకి బాగా తగిలే ద్వారం ఇంకోటి ఉంది. యంత్రాలతో నడిచే వాహనాలు ఉమ్మడి జాబితాలో 35వ అంశం. ఆ బలంతో చేసిన మోటారు వాహనాల చట్టంలో 162వ సెక్షన్ కింద, 2025 మే నెలలో కేంద్రం రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకం నోటిఫై చేసింది. ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు. ఊరేది, కార్డేది అన్న షరతు లేదు. అంటే ఆ కూలీ చెట్టు మీంచి కాకుండా పాతపట్నం రోడ్డు మీద బైకు తగిలి పడి ఉంటే, అదే తుంటి ఎముకకు అదే ఆపరేషన్ చేయించుకోవడానికి ఒక జాతీయ చట్టం అతని వెనక నిలబడేది. చెట్టు మీంచి పడ్డాడు కాబట్టి లేదు. రెండు చోట్లా దెబ్బ ఒకటే, నొప్పి ఒకటే. తేడా అంతా ఏడో షెడ్యూలులో వాహనం అన్న మాట ఏ జాబితాలో ఉందన్న దాంట్లో ఉంది. ఇంతకంటే అన్యాయమైన తేడాను ఊహించడం కష్టం. ఆ పథకం మంచిది కాదని ఎవరూ అనరు, అది మిగతావాళ్లకు ఎందుకు అందదన్నదే ప్రశ్న.

కోర్టులు ఎంతదాకా వచ్చాయి

చట్టసభలు వదిలేసిన చోట కోర్టులు 21వ అధికరణాన్ని పట్టుకున్నాయి. జీవించే హక్కులో వైద్యం ఉందని 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. గాయపడిన మనిషి వస్తే పోలీసు కాగితాల కోసం ఆగకుండా, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి. 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసు వచ్చింది. రైలు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని బెడ్డు లేదు, సౌకర్యం లేదు అంటూ ప్రభుత్వ ఆస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి, చివరికి అతను ప్రైవేటులో చేరాల్సి వచ్చింది. అత్యవసర వైద్యం నిరాకరించడం 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేనని, డబ్బు లేదన్న సాకు రాజ్యానికి చెల్లదని కోర్టు తేల్చి, పాతికవేల రూపాయల పరిహారం ఇప్పించింది.

సరిహద్దు వాళ్లకు ఇంకా దగ్గరగా తగిలే తీర్పులు ఢిల్లీ హైకోర్టువి. ఒక రాష్ట్రంలో పేద అని కార్డు ఇచ్చిన మనిషి ఇంకో రాష్ట్రానికి వెళ్లినంత మాత్రాన ప్రభుత్వ వైద్యం ఆగిపోకూడదని 2010లో, వలస వచ్చిన ఒక నిరుపేద బాలింత మరణం మీద ఇచ్చిన తీర్పులో ఆ కోర్టు చెప్పింది. 2018లో అయితే మరీ సూటిగా చెప్పింది. ఉత్తరప్రదేశ్ సరిహద్దును ఆనుకుని ఉన్న ఒక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రిలో 80 శాతం పడకలు ఢిల్లీవాసులకే అని ఢిల్లీ ప్రభుత్వం పెట్టిన నియమాన్ని ఆ ఏడాది అక్టోబరులో కొట్టేసింది. ప్రభుత్వ ఆస్పత్రి ముందు నిలబడ్డ రోగిని నువ్వెక్కడివాడివని అడిగి వెనక్కి పంపడం సమానత్వ హక్కుకూ జీవించే హక్కుకూ విరుద్ధమని ఆ తీర్పు సారాంశం.

కాబట్టి శ్రీకాకుళంలో మన కూలీని చేర్చుకోమని చెప్పడానికి చట్టబలం ఉంది. అత్యవసరమైతే ఇంకా గట్టిగా ఉంది. అయితే హైకోర్టు తీర్పు తన రాష్ట్రంలోనే కట్టుబాటు, మిగతాచోట్ల అది చూపించి ఒప్పించగల మాట మాత్రమే. అసలు ఇబ్బంది చేర్చుకోవడం దగ్గర కాదు, ఆ తర్వాత వచ్చేదే. ఆపరేషన్‌లో వేసే ప్లేటు, రాడ్డు డబ్బు ఎవరిది? నెల తర్వాత చూపించుకోవడానికి ఎక్కడికి రావాలి? ఇంటికి వెళ్లాక వాళ్ల ఊరి ఆశా కార్యకర్తకు ఈ ఆపరేషన్ సంగతి ఎవరు చెబుతారు? వీటికి 21వ అధికరణం దగ్గర జవాబు లేదు. కోర్టు తలుపు తెరిపించగలదు కానీ రెండు ఖజానాల మధ్య లెక్క తేల్చలేదు.

కోవిడ్ కాలంలో తలుపు తెరవడం కూడా కష్టమైంది. 2020 మార్చిలో కర్ణాటక రోడ్డు మూసేస్తే కాసరగోడ్ రోగులు మంగళూరు ఆస్పత్రులకు చేరలేకపోయారు. కేరళ హైకోర్టు, సుప్రీంకోర్టు కల్పించుకున్నాక గానీ దారి తెరుచుకోలేదు. 2021 మేలో ఆంధ్ర నుంచి హైదరాబాద్ వెళ్లే అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపారు. ఆస్పత్రిలో ముందే పడక ఖాయం చేసుకుని, అనుమతి తెచ్చుకోవాలన్న సర్క్యులర్‌ను కొద్ది రోజుల్లోనే తెలంగాణ హైకోర్టు నిలిపేసింది. ఆ రోజుల్లో చెక్‌పోస్టు దగ్గర ఆక్సిజన్ సిలిండరు ఖాళీ అవుతుంటే కూర్చున్నవాళ్లకు ఏడో షెడ్యూలు అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

లాక్‌డౌన్‌కు వాడిన చట్టం సంగతి ఇక్కడే చెప్పాలి. 1897 అంటురోగాల చట్టం బొంబాయి ప్లేగు రోజుల్లో నాలుగే సెక్షన్లతో చేసిన చట్టం, అందులో ఎక్కువ అధికారం రాష్ట్రాలదే. అందుకే కేంద్రం దేశాన్ని మూసింది 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద. విపత్తు అనే మాట ఏ జాబితాలోనూ లేదు. మరి ఆ చట్టాన్ని పార్లమెంటు ఏ అధికారంతో చేసింది? ఉమ్మడి జాబితాలో 23వ అంశంతో. ఆ అంశం పేరు సామాజిక భద్రత, సామాజిక బీమా. దేశం తలుపులన్నీ ఒకేసారి మూయడానికి సరిపోయిన అంశం అది.

కార్డు దాటిన చోట, దాటని చోట

చట్టం లేనిచోట పథకాలు వచ్చాయి. 282వ అధికరణం ప్రకారం ప్రజాప్రయోజనం ఏదైనా సరే, తనకు చట్టం చేసే అధికారం లేని అంశమైనా సరే, కేంద్రం దానికి డబ్బు ఇవ్వవచ్చు. జాతీయ ఆరోగ్య మిషన్, ఆస్పత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ భారత్ అన్నీ ఈ దారిలోనే వచ్చాయి. చాలా రాష్ట్రాల్లో ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40. రాష్ట్రం ఒప్పంద పత్రం మీద సంతకం పెడితే పథకం ఉంటుంది, పెట్టకపోతే లేదు.

ఒడిశా చాలాకాలం పెట్టలేదు. ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబరులో మొదలైంది. దానికి నెల ముందే, ఆగస్టు 15న, ఒడిశా తన బీజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన తెచ్చుకుంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు తర్వాత పెంచి 10 లక్షలు. ఆడవాళ్లకు రెట్టింపు పెట్టడం నిజంగా మంచి ఆలోచన, కేంద్ర పథకంలో అది లేదు. కానీ కార్డు ఒడిశాది కాబట్టి పక్క రాష్ట్రంలో చెల్లాలంటే ఒక్కో ఆస్పత్రితో విడిగా ఒప్పందం కావాల్సి వచ్చేది. ఆంధ్రలో 2007 నుంచి ఉన్న ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, దానిదీ అదే పద్ధతి. 2025 జనవరిలో ఒడిశా ఆయుష్మాన్ ఒప్పందం మీద సంతకం పెట్టింది, ఏప్రిల్ నుంచి గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి అమలు చేస్తోంది. ఇప్పుడు ఆ కార్డు ఉన్నవాళ్లు ఆంధ్రలో జాబితాకెక్కిన ఆస్పత్రిలో చూపించుకునే వీలుంది. ఇది పెద్ద మేలు, తక్కువ చేయకూడదు.

అయినా అది హక్కు కాదు, ఏర్పాటు. ఆయుష్మాన్ వెనక పార్లమెంటు చేసిన చట్టం లేదు. దాన్ని నడిపే నేషనల్ హెల్త్ అథారిటీ కూడా ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పడిందే. రేపు ఒక రాష్ట్రం బయటికి వెళ్లిపోతే రోగి ఏ సెక్షన్ చూపించి అడగాలి? పైగా ఆ కార్డు పనికొచ్చేది ఆస్పత్రిలో చేరిన రోగులకే. ఓపీ చీటీ, రక్తపరీక్షలు, నెలనెలా బీపీ, షుగరు మాత్రలు దాని కిందికి రావు. పేదవాడి జేబు ఖాళీ చేసేది చాలాసార్లు ఇవే. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం జనం సొంత జేబులోంచే పెట్టారు.

బియ్యం విషయంలో మనం ఇంతకంటే బాగా ఆలోచించాం. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రకారం బియ్యం అడిగే హక్కు చట్టబద్ధమైంది, దాని మీద ఒకే దేశం ఒకే రేషన్ కార్డు వచ్చింది. కాశీనగర్ కూలీ పాతపట్నంలో ఇటుక బట్టీ పనికి వెళితే తన కోటా బియ్యం అక్కడి రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. ఏ రాష్ట్రం ఎంత ఇచ్చిందో వెనకాల లెక్క తేలుతుంది, దుకాణం ముందు నిలబడ్డ మనిషికి ఆ గొడవ అక్కర్లేదు. ఆస్పత్రి ముందు నిలబడ్డ మనిషికీ సరిగ్గా ఇదే కావాలి.

దీనికి అవతలి కొస కోటియా. కోరాపుట్ జిల్లా పొట్టంగి, ఆంధ్రలో సాలూరు మధ్య కొండల్లో ఉన్న ఆ పల్లెల కోసం రెండు రాష్ట్రాలు 1968 నుంచి కోర్టుల్లో తగువు పడుతున్నాయి. అక్కడ రెండు ప్రభుత్వాలూ కార్డులు ఇస్తాయి, రెండూ వైద్య శిబిరాలు పెడతాయి. భూమి మీద హక్కు నిలబెట్టుకోవాల్సి వచ్చినప్పుడు పక్క రాష్ట్రపు రోగి కూడా మన మనిషే అయిపోతాడన్నమాట. మిగతా సరిహద్దు పొడుగునా ఆ మనసు ఉంటే ఎంత బాగుండేది.

ఉమ్మడి జాబితాకు మార్చితే సరిపోతుందా

ఈ చిక్కులన్నిటికీ మందుగా ఎక్కువగా వినిపించే మాట ఆరోగ్యాన్ని ఉమ్మడి జాబితాలోకి తేవాలన్నది. పదిహేనో ఆర్థిక సంఘం వేసిన ఉన్నతస్థాయి బృందం 2019లో ఇదే సిఫార్సు చేసింది, ఆరోగ్యాన్ని ప్రాథమిక హక్కుగా ప్రకటించాలని కూడా అంది. అంతకుముందు 2009లో జాతీయ ఆరోగ్య బిల్లు ముసాయిదా వచ్చింది, ముసాయిదాగానే మిగిలిపోయింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం కోర్టులో అడగగలిగే హక్కు వైపు వెళ్లకుండా, క్రమంగా పెంచుకుంటూ పోయే భరోసా చాలంది.

మార్పును కోరేవాళ్ల వాదనలో బలం ఉంది. 1976లో 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. 2002 రాజ్యాంగ సవరణ, 2009 విద్యా హక్కు చట్టం ఆ దారిలోనే వచ్చి, పర్లాకిమిడి పిల్లకైనా పాతపట్నం పిల్లకైనా బడి అడిగే హక్కు ఇచ్చాయి. కానీ ఉమ్మడి జాబితాలో కేంద్ర చట్టానికీ రాష్ట్ర చట్టానికీ పొసగకపోతే 254వ అధికరణం ప్రకారం సాధారణంగా కేంద్రందే చెల్లుతుంది. ఒడిశా కొండల్లో మారుమూల గూడేలకు మలేరియా శిబిరాలు మోసుకెళ్లే పని, ఆడవాళ్లకు రెట్టింపు కవరేజీ, తమిళనాడు ప్రజారోగ్య శాఖ, ఆంధ్ర ఆరోగ్యశ్రీ: ఇవన్నీ రాష్ట్రాలు సొంతంగా ఆలోచించుకోగలిగాయి కాబట్టే పుట్టాయి. ఆస్పత్రుల మీద పట్టు ఢిల్లీకి ఇచ్చేసి ఆ చొరవను కోల్పోవడం మంచి బేరం కాదు. సరిహద్దు రోగి సమస్య చిన్నది, స్పష్టమైనది. దానికోసం మొత్తం అంశాన్ని కదల్చాల్సిన పని లేదు.

దారులు ఇప్పటి రాజ్యాంగంలోనే ఉన్నాయి. మొదటిది, పైన చెప్పిన 23వ అంశం. 1948 ఈఎస్‌ఐ చట్టం కార్మికులకు వైద్యం ఇచ్చింది బీమా పేరుతోనే. అసంఘటిత కార్మికుల సామాజిక భద్రత చట్టం 2008లో వచ్చినప్పుడు దాని షెడ్యూలులో రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన ఉంది, ఆ 30 వేల రూపాయల స్మార్ట్ కార్డు ఏ రాష్ట్రంలోనైనా చెల్లేలా చేశారు. అంటే నమూనా కూడా ఉంది. ఆస్పత్రులను ముట్టుకోకుండా, బీమా హక్కు మనిషి వెంట నడుస్తుందని, రాష్ట్రాల మధ్య డబ్బు ఇన్ని రోజుల్లో సర్దుబాటు కావాలని పార్లమెంటు చట్టం చేయవచ్చు. దేశాన్ని మూయడానికి పనికొచ్చిన అంశం ఆస్పత్రి తలుపు తెరవడానికి పనికిరాదని ఎవరు అనగలరు?

రెండోది 252వ అధికరణం. రెండు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేస్తే, రాష్ట్ర జాబితాలోని అంశం మీద కూడా ఆ రాష్ట్రాల వరకు పార్లమెంటు చట్టం చేయవచ్చు. గోవా, హిమాచల్ ప్రదేశ్, మహారాష్ట్ర తీర్మానాలతో 1994 అవయవ మార్పిడి చట్టం ఇలాగే వచ్చింది. 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం అరుణాచల్, హిమాచల్, మిజోరం, సిక్కిం అడిగితే వచ్చింది, తర్వాత మరికొన్ని రాష్ట్రాలు చేరాయి. ప్రాణాపాయంలో వచ్చిన రోగిని స్థిమితపరచి తీరాలన్న నియమం ఆ చట్టంలో ఉంది. ఒడిశా 1990 నాటి, ఆంధ్ర 2002 నాటి సొంత చట్టాలతోనే ఉండిపోయాయి, ఆ రెండింటికీ మధ్య పొత్తు లేదు.

రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకునే వేదిక కూడా ఈ ప్రాంతానికి సరిగా అమరలేదు. 1956 చట్టం ఏర్పాటు చేసిన జోనల్ కౌన్సిళ్లలో ఒడిశా తూర్పు మండలిలో ఉంది, ఆంధ్ర, తెలంగాణ దక్షిణ మండలిలో, మహారాష్ట్ర పశ్చిమ మండలిలో. పర్లాకిమిడి సంగతైనా సిరొంచ సంగతైనా ఏ మండలి సమావేశానికీ పూర్తిగా చెందదు. 263వ అధికరణం కింద 1952లో ఏర్పడిన కేంద్ర ఆరోగ్య మండలిలో మాత్రం అన్ని రాష్ట్రాల ఆరోగ్య మంత్రులూ కూర్చుంటారు, ఈ మాట ఎత్తాల్సింది అక్కడే.

అవతలి పక్షం బాధ కూడా వినాలి. శ్రీకాకుళంలోనో విశాఖలోనో ప్రభుత్వ ఆస్పత్రికి పడకలు, నర్సులు, మందుల ఇండెంటు తమ రాష్ట్ర జనాభా లెక్కతో వస్తాయి. పక్క రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లు ఆ లెక్కలో ఉండరు. మందు అయిపోతే, ఒక మంచం మీద ఇద్దరిని పడుకోబెట్టాల్సి వస్తే, తిట్లు తినేది డ్యూటీ డాక్టరు. అతన్ని మానవత్వం లేదని నిందించడం సులువు. కానీ అతను చూసిన ఒడిశా రోగి ఖర్చు ఆ ఆస్పత్రికి తిరిగి రాదు. అందుకే చట్టంలో ముందు రాయాల్సింది డబ్బు సంగతి. రోగి ఎక్కడివాడైనా ప్రభుత్వ ఆస్పత్రి ముందు చూడాలి, ప్యాకేజీ ధర ప్రకారం లెక్క కట్టాలి, సొంత రాష్ట్రం గడువులోగా చెల్లించాలి, చెల్లించకపోతే కేంద్రం ఇచ్చే వాటాలోంచి కోసి ఇవ్వాలి. సరిహద్దు జిల్లాల ఆస్పత్రులకు పడకలు మంజూరు చేసేటప్పుడు పక్క రాష్ట్రం నుంచి వచ్చే రోగులనూ లెక్కలో వేయాలి. రిఫరల్ చీటీలో రాష్ట్రం పేరు చూడకుండా దగ్గరున్న సరైన ఆస్పత్రి పేరు రాయడానికి డాక్టరుకు అనుమతి ఉండాలి, 108 ఆ చీటీ ప్రకారమే వెళ్లాలి.

రాష్ట్రాలు వెనకాడడానికి కారణం ఒకటుంది. 252వ అధికరణం కింద ఒకసారి చట్టం వస్తే దాన్ని సవరించడం గానీ రద్దు చేయడం గానీ పార్లమెంటే చేయగలదు, అడిగిన రాష్ట్రం తన శాసనసభలో మార్చుకోలేదు. రాష్ట్రానికి అది భయమే. అందుకే తీర్మానం మొత్తం ఆస్పత్రుల గురించి కాకుండా ఈ ఒక్క విషయానికే, అంటే పక్క రాష్ట్రపు రోగి వైద్యం, దాని డబ్బు సర్దుబాటుకే, పరిమితం కావాలి. భువనేశ్వర్‌లో ఒకటి, అమరావతిలో ఒకటి, రెండు తీర్మానాలు చాలు మొదలుపెట్టడానికి. చట్టం వచ్చాక చేరాలనుకునే రాష్ట్రం తన శాసనసభ తీర్మానంతోనే చేరవచ్చని అదే అధికరణం చెబుతోంది కాబట్టి, సిరొంచ, కిన్వట్ కోసం మహారాష్ట్ర, తెలంగాణ తర్వాతైనా అందులోకి రావచ్చు.